నీళ్ళు పాతిపెట్టిన నారమ్మ

జహీరాబాదు కుమ్మరి వాడలో నారమ్మకు భయస్తురాలని పేరు. బల్లి పలికితే అడుగు ఆపేది. పోలీసు అమీన్ సాబు గుర్రం వీధి మలుపులో కనబడితే చాలు, చేతిలో పని చేతిలోనే ఉండగా ఇంట్లోకి దూరి గడియ పెట్టుకునేది. ఆమె వెనకాల వాడలో ఆడవాళ్ళు నవ్వుకునేవారు. అలాంటి మనిషి ఒక ఎండాకాలం వాడ వాడంతటికీ ఎదురుగా నిలబడవలసి వచ్చింది. ధైర్యం పుట్టుకొచ్చి నిలబడిందని అనుకునేరు, అదేమీ లేదు. ఒక భయం ఆమెను ఇంకో భయం మీదికి నెట్టింది, అంతే.

యుద్ధం ఇంకా నడుస్తున్న రోజులవి. రెండేళ్ళుగా వానలు మొహం చాటేశాయి. కోహీర్ దిక్కు నుంచి సంతకు వచ్చే కూరగాయల బండ్లు ఒక్కొక్కటే మానేశాయి. వాడలో బావులన్నీ అడుగంటితే, ఊరి పెద్ద మహాదేవప్ప బావి ఒక్కటే మిగిలింది. ఇంటికి రోజుకు రెండు బిందెలని ఆయన వంతు పెట్టాడు. తాగడానికి, వండుకోవడానికి, ఒంటి మీద నాలుగు చెంబులు పోసుకోవడానికి అవే. ఆ నీళ్ళు ఎవరైనా చెట్టుకో చేనుకో పోసినట్టు తెలిస్తే వాళ్ళ వంతు రద్దు. మహాదేవప్ప చెడ్డవాడు కాదు, కానీ అన్నమాట మీద ఉండే రకం. రాయినైనా మొక్కి కరిగించవచ్చు కానీ ఆయన్ను కాదు.

నారమ్మ భర్త పోయి ఆరేళ్ళయింది. మట్టి తడపడానికే నీళ్ళు లేకపోతే కుమ్మరి సారె ఎక్కడ తిరుగుతుంది? కొడుకు చంద్రప్ప షోలాపూరు మిల్లులో పని వెతుక్కుంటూ వెళ్ళిపోయాడు. ఇంట్లో మిగిలింది నారమ్మ, నాలుగో నెల కడుపుతో ఉన్న కోడలు హనుమమ్మ.

హనుమమ్మకు రేచీకటి. పొద్దుగూకిందంటే గోడ పట్టుకుని నడవాల్సిందే. మొదటి కడుపప్పుడూ ఇదే వచ్చింది. అప్పుడు మునిమాపు వేళ గడప కానక బోర్లా పడింది, ఆరు నెలల పిండం పోయింది. ఆ నెత్తురు కడిగింది నారమ్మే. ఇప్పుడు మళ్ళీ కోడలు సాయంత్రం పూట లేచి నిలబడితే నారమ్మ చేతిలో పని వదిలి ఉరికొచ్చేది. "నువ్వు కదలకు బిడ్డా, నేను తెచ్చిస్త," అని కూర్చోబెట్టేది. కానీ ఎన్నిసార్లని కూర్చోబెడుతుంది? మనిషన్నాక లేవదా?

దవాఖానలో కంపౌండరు మందు సీసా ఇవ్వలేదు. "మందు గాదమ్మా, ఆకుకూర తినిపియ్యి. మునగాకు, తోటకూర, గంగవాయిలి కూర, ఏదైనా సరే. ఒక్క దినం తప్పొద్దు," అన్నాడు.

"సంతల ఎండు మిరపకాయలు తప్ప ఏం లేవు సాబూ."

"మీ పెరట్ల పెట్టుకో."

"నీళ్ళేడియి సాబూ?"

 కంపౌండరు తరువాతి మనిషిని రమ్మన్నాడు.

నారమ్మ ఇంటికి వచ్చి పెరట్లో కూర్చుంది. పన్నెండు గజాల పొడుగు, ఏడు గజాల వెడల్పు. గడ్డపార వేస్తే ఖంగుమనే ఎర్ర మొరం నేల. పడమటి గోడ పక్కన సగం ఎండిన మునగచెట్టు ఒకటి. మూడు రోజులు ఆమె చేసిన పని చూడటం ఒక్కటే. పొద్దున నీడ ఎక్కడుంది, మధ్యాహ్నం ఎక్కడికి జరిగింది, సాయంత్రం ఎంత పొడుగైంది అని బూడిదతో నేల మీద గీతలు గీసుకుంది. తూర్పు గోడ దగ్గర నేల పొద్దుమూకేదాకా పెనంలా కాలుతుందని అర్థమైంది. అక్కడ కలబంద తప్ప ఇంకేమీ వద్దనుకుంది. మధ్యాహ్నం దాటాక మునగ నీడ పడే చోటే ఆకుకూర మడులు. మడులంటే మనం గట్టు పోసి ఎత్తుగా చేస్తాం కదా, ఆమె తిరగేసి జానెడు లోతుకు తవ్వింది. గాలి పైనుంచి వెళ్ళిపోవాలి, తడి గుంటలో ఉండిపోవాలి. తవ్విన చోట పేడ, పాత బూడిద కలిపింది. విత్తనం మొలిచాక నేల కనబడకుండా జొన్న చొప్ప పరిచింది.

ఇంక నీళ్ళ సంగతి. కుండలు కాల్చే ఆవం పక్కన అమ్ముడుపోనివి ఏడు పడి ఉన్నాయి. మంట సరిగా అందక సగమే కాలినవి. నీళ్ళు పోస్తే ఒళ్ళంతా చెమట పట్టినట్టు ఊరిపోతాయని ఎవరూ కొనలేదు. వానలున్న రోజుల్లో వాటిల్లో ఒకటి నీళ్ళతో పడి ఉన్న చోట, చుట్టూ గడ్డి పచ్చగా ఉండటం ఆమె ఎన్నడో చూసింది. ఆ ఏడు కుండలనూ మడుల నడుమ మెడ దాకా పాతేసింది. స్నానం చేసే జలకాల బండ మీది నీళ్ళు, బియ్యం కడిగిన నీళ్ళు, గిన్నెలు తొలిచిన నీళ్ళు పాత గుడ్డతో వడగట్టి వాటిల్లో పోసింది. పైన పోస్తే గంటలో ఆవిరయ్యే నీళ్ళు కుండలో పోస్తే నాలుగు రోజులు వేళ్ళకు అందేవి. దోమలు గుడ్లు పెట్టకుండా లోపల వేపాకు వేసింది. తేళ్ళు దూరకుండా మూతికి పాత ఎర్ర చీర పేలిక కట్టింది. చీమలు రాకుండా చుట్టూ బూడిద పోసింది. పైన ఒక బండ ముక్క.

పని బంగారం లాంటిదే. తప్పు చేసింది ఎక్కడంటే, దాన్ని దాచింది. పోసేది వాడిన నీళ్ళే అయినా, చెట్లకు నీళ్ళు పోస్తోందని ఎవరైనా ఒక మాట మహాదేవప్ప చెవిన వేస్తే? వాడినవో వాడనివో ఆయన ముక్కు పెట్టి చూస్తాడా? వంతు పోతే ఇల్లే పోయినట్టు. అందుకని తెల్లవారకముందే లేచి, పెరటి తలుపుకు గడియ పెట్టి, చప్పుడు కాకుండా కుండలు నింపేది. ఇరుగుపొరుగు అడిగితే పెరట్లో తేలు కనబడిందని అబద్ధం చెప్పేది. దాచడంలో ఆమె చూపిన నేర్పు అంతా ఇంతా కాదు. ఆ నేర్పే ఆమె కొంప ముంచింది.

మాఘంలో పాతింది, ఫాల్గుణానికి ఆకు చేతికొచ్చింది. హనుమమ్మ రోజూ జొన్న రొట్టెతో గుప్పెడు కూర తినేది. చైత్రం చివర ఒక సాయంత్రం, దీపం ఇంకా పెట్టకముందు, కోడలు అరుగు మీద కూర్చుని చేటలో జొన్నల్లో రాళ్ళు ఏరుతోంది. నారమ్మ ఆ చేతుల వంక చూసి నిలబడిపోయింది. చిన్న చిన్న రాళ్ళు. ఒక్కటీ తప్పిపోవడం లేదు. ఆమెకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే అంది, "ఎవరికీ చెప్పకు బిడ్డా. దిష్టి తగుల్తది."

చెప్పకపోతే మాత్రం కనబడదా? తూర్పు గోడ అవతల రేవణసిద్ధప్ప ఇల్లు. బెల్లం దుకాణం మనిషి, లింగాయతు. భార్య పార్వతమ్మ, నారమ్మను అక్కా అని పిలిచే మనిషి. ఆ ఇంట్లో మాంసం ముట్టరు, కూరలేమో సంతలో లేవు. రొట్టె, కారం, చింతపండు పులుసు, ఏడాదిగా అదే తిండి. సరిగ్గా ఆ చైత్రంలోనే పార్వతమ్మకు సాయంత్రమైతే చూపు మసకబారింది. తాను గోడ తడుముకుంటూ నడుస్తుంటే, నిన్నటిదాకా తడుముకున్న హనుమమ్మ గడప దాటి చకచకా పోతోంది. ఎవరికైనా ఏమనిపిస్తుంది?

అవును, బాణామతి అనే అనిపించింది.

రేవణసిద్ధప్ప బీదర్ దిక్కు నుంచి ఒక మంత్రగాణ్ణి పిలిపించాడు. అతను కళ్ళు మూసుకుని, తెరిచి, పడమటి దిక్కున ఎవరో ఆడమనిషి ఈమె చూపు తీసి భూమిలో దాచిందన్నాడు. గడియ పెట్టిన పెరటి తలుపు గురించి వాడలో సగం మంది అంతకుముందే అతని చెవిలో ఊదారని వేరే చెప్పాలా!

ఆ మాట నారమ్మకు బావి దగ్గర తెలిసింది. ఆమె వస్తుంటే ఆడవాళ్ళు బిందెలు పక్కకు జరుపుకున్నారు.  నారమ్మ చిన్నప్పుడు రాయికోడ్‌లో ఒక ముసలమ్మను చూసింది. బాణామతి చేసిందని ఆమె పళ్ళన్నీ పటకారుతో ఊడబెరికారు. పళ్ళు లేకపోతే మంత్రం స్పష్టంగా పలకలేదట. ఆ ముసలమ్మ ఆ తరువాత గంజి తాగుతూ బతికినన్నాళ్ళూ ఎవరూ ఆమె గడప తొక్కలేదు. నారమ్మ ఇంటికొచ్చి బిందె దించి, నోరు రెండు చేతులతో మూసుకుని కూర్చుంది.

మరునాడు పొద్దు వాలకముందే వచ్చారు. ముందు రేవణసిద్ధప్ప, అతని చేతిలో కమ్మరి ఇంటి పటకారు. వెనకాల ఇరవై మంది. భర్త పక్కనే పార్వతమ్మ. చివర మహాదేవప్ప. నారమ్మ కోడలిని లోపలికి తోసి తలుపు మూసి తాను బయట నిలబడింది.

"పెరట్ల ఏం పాతినవ్?" అన్నాడు రేవణసిద్ధప్ప.

"నీళ్ళు అన్నా. నీళ్ళే."

జనంలో ఎవరో నవ్వారు. గొంతు తడుపుకోవడానికి లేని రోజుల్లో నీళ్ళు పాతిపెట్టేవాళ్ళు ఎవరుంటారు? గడ్డపార పడింది. మొదటి కుండ బయటికొచ్చింది. ఎర్ర పేలిక, చుట్టూ బూడిద, లోపల వేపాకు. నవ్వినవాడు వెనక్కి జరిగాడు. ఒక్కొక్కటే నాలుగు కుండలు తవ్వి బద్దలుకొట్టారు. ప్రతిసారీ మొరం మీద నీళ్ళు పారి క్షణంలో ఇంకిపోయేవి. ఆ నీళ్ళు పోతుంటే, ఇంత భయంలోనూ, నారమ్మకు ప్రాణం ఉసూరుమంది.

ఐదో కుండ మీద గడ్డపార లేచేసరికి ఆమె పోయి దాని మీద పడింది. పేలిక పీకేసి, దోసిట్లో నీళ్ళు తీసి తాగింది. "జలకాల నీళ్ళు. బియ్యం కడిగిన నీళ్ళు. కోడలికి రేచీకటి ఉండె. కూర తింటే పోయింది. అయ్యా, నీ కాల్మొక్త, గంతే. ఇంకేం లేదు."

"తాను చేసింది తాను తాగితే ఏమైతది?" అన్నాడు రేవణసిద్ధప్ప. పటకారు పైకెత్తాడు. ఇద్దరు నారమ్మ భుజాలు పట్టుకున్నారు. 

"జర ఆగు," అన్నాడు మహాదేవప్ప. జాలిపడి అన్నాడని చెప్పలేను. పళ్ళు పీకితే మనిషి చస్తుంది, చస్తే అమీన్ సాబు ముందు తన గడపే తొక్కుతాడని ఆయనకు తెలుసు. అయినా ఆగమన్నది ఆయనే, ఆ పుణ్యం ఆయనకే ఉండనీ. "కూరతోని పోయిందంటున్నవ్. పార్వతమ్మకు పోతదా?"

నారమ్మ తలెత్తి చూసింది. పోతుందని చెప్పాలి. పోకపోతే? కంపౌండరు రోజూ తినాలన్నాడు కానీ ఎన్ని రోజులని చెప్పలేదు. హనుమమ్మకు నెలకు పైనే పట్టింది. "పోతది," అంది, తన గొంతు తనకే వినబడకుండా. "పదిహేను దినాలు ఇయ్యిన్రి."

"చూపు తీసినామె మళ్ళ ఇస్తది. గదే బాణామతి," అన్నాడు రేవణసిద్ధప్ప.

మహాదేవప్ప గడ్డం గోక్కున్నాడు. "గట్లయితే నారమ్మ పెరట్ల కాలు పెట్టొద్దు. ఆకు ముట్టొద్దు, నీళ్ళు పొయ్యొద్దు. పార్వతమ్మే రావాలె, తన చేతులతోనే వాడిన నీళ్ళు పోసుకోవాలె, తెంపుకోవాలె, తన ఇంట్ల వండుకోవాలె. చూపొస్తే కూర గుణం. రాకుంటే ఇగ నన్ను అడగొద్దు."

అలా తీర్పయింది. పటకారు రేవణసిద్ధప్ప ఇంటి వసారాలో మేకుకు వేలాడింది, నారమ్మ అరుగు మీద నుంచి చూస్తే కనబడేటట్టు.

మొదటి రోజు పార్వతమ్మ ఒక పొడుగాటి కట్టె తెచ్చుకుంది. మెడలో లింగాన్ని ఒక చేత్తో పట్టుకుని, కట్టెతో కుండ మీది పేలిక తొలగించింది. నీళ్ళు దూరం నుంచి విసిరింది, సగం బయట పడ్డాయి. పెరటి గడప ఇవతల కూర్చున్న నారమ్మ పెదవి కొరుక్కుంది. నాలుగు కుండలు పోయాక మిగిలినవి మూడు. పగిలిన కుండల చుట్టూ తోటకూర మూడో రోజుకే వాడింది, ఐదో రోజుకు ఎండింది. మునగ ఒక్కటీ, మూడు కుండల చుట్టూ మిగిలిన పచ్చదనమూ, అదే ఆస్తి. అది ఒక్కరికి సరిపోతుంది, ఇద్దరికి కాదు.

"నేను రెండు నెల్లు తిన్న గద అత్తా, ఆమెకే ఉండనియ్యి," అంది హనుమమ్మ. అప్పటికి ఆమెకు ఏడో నెల.  నారమ్మ తన పళ్ళ కోసం కోడలి కళ్ళు పణం పెడుతున్నానా అని లోలోపల కుమిలిపోయింది. ఏడుపు రాలేదు, సిగ్గు మాత్రం వేసింది.

రోజూ పొద్దున లేవగానే నాలుకతో పళ్ళు తడిమి చూసుకోవడం అలవాటైపోయింది. సాయంత్రం గోడ అవతలి చప్పుళ్ళు వినేది. ఏడో రోజు పార్వతమ్మ రోలుకు కాలు తగిలి పడిన చప్పుడు. తొమ్మిదో రోజు చెంబు దొర్లిన చప్పుడు, రేవణసిద్ధప్ప తిట్లు. "ఇంక ఆరు దినాలు," అని అతను గోడ మీంచి గట్టిగా అన్నాడు, వినబడాలనే.

ఆ తిట్లు పడ్డాక పార్వతమ్మ కొంచెం మారింది. పదో రోజు కట్టె తేలేదు. కుండ పక్కన గొంతుక్కూర్చుని లోపలికి చెయ్యి పెట్టి తడి చూసింది. "అక్కా, నీళ్ళు సగానికి దిగినయ్. ఇయాల పొయ్యాల్నా, రేపా?" అని అడిగింది.

"రేపు పొయ్యి. నిండా పొయ్యకు, మెడకు బెత్తెడు తక్కువ ఉండాలె," అంది నారమ్మ గడప ఇవతల నుంచే. కాలి బొటనవేలు కూడా గడప దాటనివ్వలేదు. రేవణసిద్ధప్ప గోడ మీంచి చూస్తున్నాడు.

పదకొండో రోజు పార్వతమ్మ తన ఇంటి జలకాల నీళ్ళు చెంబుతో తెచ్చి వడగట్టి పోసింది. పన్నెండో రోజు జొన్న చొప్ప జరిగిన చోట సర్దింది. నారమ్మకు కొంచెం ఊపిరాడింది. కానీ పదమూడో రోజు నుంచి పార్వతమ్మ ఒక్క మాట మాట్లాడలేదు. వచ్చింది, తెంపుకుంది, తల వంచుకుని పోయింది. నారమ్మ పలకరిస్తే కూడా వినబడనట్టే పోయింది. చూపు రాలేదేమో, రాలేదని చెప్పలేక మొహం తప్పిస్తోందేమో. పద్నాలుగో సాయంత్రం హనుమమ్మ, "అత్తా, దీపం జర తొందరగ పెట్టవా?" అంది. నారమ్మ దీపం ముట్టించి, కోడలి చెయ్యి పట్టి అరుగు మీద కూర్చోబెట్టింది.

పదిహేనో రోజు పొద్దుగూకాక వాడ మళ్ళీ వచ్చింది. దీపాలు వెలిగించవద్దని మహాదేవప్ప ముందే చెప్పాడు. నారమ్మను పెరట్లోకి తీసుకెళ్ళి దూరంగా మునగచెట్టు కింద నిలబెట్టారు. అంత మంది కూర్చోవడానికి చోటు లేక గోడల వెంబడి నిలబడ్డారు.  రేవణసిద్ధప్ప నడుములో పటకారు దోపుకుని ఉన్నాడు. దాని ఇనుము ఎక్కడుందో నారమ్మకు చీకట్లో కనబడకపోయినా తెలుస్తూనే ఉంది. పార్వతమ్మను గుమ్మం దగ్గరికి తెచ్చి ఒంటరిగా వదిలారు. నారమ్మ ఎక్కడ నిలబడిందో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

మహాదేవప్ప గొంతు సవరించుకున్నాడు. ఎన్ని వేళ్ళని అడగడానికి చెయ్యి ఎత్తబోయాడు.

పార్వతమ్మ ఆయన వంక చూడనే లేదు. పెరటి చివరికి, మునగ కిందికి చూస్తోంది.

"అక్కా," అంది, "గా చేతులేంది గట్ల వణుకుతున్నయ్?"

మహాదేవప్ప ఎత్తబోయిన చెయ్యి దించాడు. నారమ్మ రెండు చేతులూ కొంగు కింద దాచుకుంది. వణుకు మాత్రం ఆగలేదు.